ఎడమచేతి ఫిల్ము

2021 నవంబరు పదకొండు, గురువారం. ఆ పూట ఇంట్లో కందా బచ్చలి కూర. ఆవ కాస్త ఎక్కువై ముక్కుకెక్కితే భార్యాభర్తలిద్దరూ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుకుంటూ తిన్నారు. శాంతికుమార్‌కి ఆ తేదీ కూరతో కలిసే గుర్తుంది. విడదీసి గుర్తుచేసుకోవడం అతనికి చేతకాలేదు.

ఇప్పుడు జులై నెలాఖరు గురువారం, పొద్దున్న ఐదున్నర. ఇన్నీస్‌పేటలోని ఆ రెండు గదుల వాటాలో అతను వంటగట్టు దగ్గర నిలబడి కందముక్కకి చెక్కు తీస్తున్నాడు. ఒక్క మనిషికి కంద కొనడం ఇబ్బందే. పావుకిలో చాలన్నప్పుడల్లా కూరగాయలమ్మే ఆవిడ అతన్ని ఒకసారి ఎగాదిగా చూస్తుంది. అయినా విసుక్కోకుండా పెద్ద దుంపని కోసి ఇస్తుంది, పైన రెండు బచ్చలికాడలు ఊరికే పెడుతుంది. ఆ రెండు కాడలు చాలు, ఆ రోజు ఎవరో పలకరించినట్టుంటుంది అతనికి.

చేతులకి నూనె రాసుకోవడం ఈసారీ మరిచిపోయాడు. దురద మొదలైంది. చింతపండు నీళ్ళలో చేతులు ముంచి అలాగే కాసేపు నిలబడ్డాడు. పొడుగాటి వేళ్ళు, ఉబ్బిన కణుపులు, బొటనవేలి మీద ఎప్పటిదో యాసిడ్ మచ్చ. ముప్ఫైరెండేళ్ళుగా ఈ చేతులు ఇతరుల ఎముకలకి చోటు సరిచేస్తున్నాయి. కొంచెం ఎడమకి, కొంచెం పైకి, అంతే, కదలకండి.

కారియర్ సర్దుకుని, చొక్కా జేబుకి చిన్న ప్లాస్టిక్ బిళ్ళ తగిలించుకున్నాడు. ఒంటికి ఎంత కిరణం తగిలిందో లెక్కపెట్టే బిళ్ళ అది. సాయంత్రం దాన్ని ఆఫీసులో అప్పగించాలి. రేపటి నుంచి, అంటే ఆగస్టు ఒకటి నుంచి, ఆసుపత్రిలోని ఎక్స్‌రే, స్కానింగ్ గదులన్నీ విశాఖపట్నం కంపెనీ చేతికి వెళ్తున్నాయి. ఆ సంగతి చెబుతూ ఆఫీసు వాళ్ళు ఫోనుకి మూడు లైన్ల మెసేజ్ పంపారు. చివరి లైనులో మీ సేవలకు ధన్యవాదాలు అని ఉంది. అతనికి అరవై ఒకటి నిండాయి. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు.

*

దానవాయిపేటలోని ఆ ఎముకల ఆసుపత్రిలో ఎక్స్‌రే గది మెట్ల కింద ఉంటుంది. కిటికీలు లేవు. తలుపు లోపల సీసపు రేకు ఉండడంతో అది బరువుగా, తొందర లేని మనిషిలాగా కదులుతుంది. నేల మీద పసుపు రంగుతో రెండు జతల పాదాలు వేసి ఉంటాయి. పెద్దవాళ్ళకి పెద్దవి, పిల్లలకి చిన్నవి. ఎక్కడ నిలబడాలో ప్రతివాళ్ళకీ చెప్పలేక ఇరవై ఏళ్ళ కిందట అతనే వేశాడు. బల్ల మీద ఒక చెక్కముక్క, దాని మీద వేళ్ళు విడదీసిన ఎడమచేతి గీత. అదీ అతను గీసిందే.

గూట్లో ఒక స్టీలు గిన్నె ఉంది. ఫిల్ము తీసేముందు లోహం, గాజు ఏదున్నా ఒంటి మీంచి తీసి అందులో వెయ్యాలి. వెనకటికి కాగితం మీద పెట్టిస్తే ఒకావిడ ముక్కుపుడక పోయింది. ఆ రోజు రాత్రి అతను అన్నం సయించక కూచుంటే, మర్నాడు భార్య దేవకుమారి తన పాలగిన్నె కడిగి కారియర్‌తో పాటు పంపింది. అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టించిన ఆమె పేరు ఇంకా చదవగలిగేలాగే ఉంది.

గది తుడవడానికి వచ్చిన చిన్నమ్మాయి గూటి వంక చూసింది. పేరుకి చిన్నమ్మాయి కానీ ఏభై దాటింది. ఆ అంతస్తు అంతా తుడిచేది ఆమే. ఈ రోజు ఆఖరిదని గుర్తుపెట్టుకున్నదీ ఆమె ఒక్కతే.

"గిన్నె పట్టుకెళ్ళిపోతారాండీ?"

"పట్టుకెళ్తాను చిన్నమ్మాయ్. ఈ గదిలో నాదంటూ ఉన్నవి అది, గొడుగు."

"గొడుగు పోయినేడే పోయిందండి మీది. ఆ మూలున్నది మందులకొట్టు ఆయనది. మీరు ఏడాది నుంచీ ఆయన గొడుగేసుకు తిరుగుతున్నారు."

"ఆయనేమీ అనలేదే?"

"మిమ్మల్ని ఏమంటారండీ? తడిసే వెళ్తున్నాడు పాపం."

అతను నవ్వాడు. ఆ గదిలో నవ్వితే గోడలు ఆ చప్పుణ్ణి దాచేసుకునేవి, బయటికి పోనిచ్చేవి కావు.

*

గురువారాలు వెన్నెముక డాక్టరు శ్రీనివాసరాజు భీమవరం నుంచి వస్తారు. పదకొండు గంటలకి ఒక తల్లీ కూతురూ చీటీ పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డారు. తల్లి నల్లగా, గట్టిగా ఉంది. ముంజేతుల నిండా ఉప్పునీళ్ళ పగుళ్ళు. పిల్ల సన్నగా, పొడుగ్గా ఉంది. జడ సరిగ్గా నడుం మధ్యకి దిగకుండా ఒక పక్కకి పోతోంది. కుడిభుజం ఎడమదాని కంటే రెండు వేళ్ళు ఎత్తు.

చీటీ మీద పేరు వీరదుర్గ. వయసు పదహారు. ఊరు యానాం అవతల, ఉప్పుటేరు ఒడ్డున పల్లె.

"యూనిఫాం కుట్టినాయన భుజం కిందకి కుట్టేశాడని నేను గొడవెట్టుకున్నానండి," అంది తల్లి నూకరత్నం, అడక్కుండానే. "ఇరుగూ పొరుగూ పోగయ్యేలా తిట్టానండి. తీరా చూస్తే బట్ట సరిగ్గానే ఉంది, పిల్లే ఒంగింది. మళ్ళీ వెళ్ళి ఆయనకి రెండు కొరమేనులిచ్చొచ్చాను."

"ఒకటేనమ్మా ఇచ్చింది," అంది పిల్ల.

"నువ్వు నోరుముయ్యి."

శాంతికుమార్ గిన్నె అందించాడు. పిల్ల చెవి రింగులు, ఎర్ర గాజులు, జడపిన్నులు ఒక్కొక్కటే అందులో వేసింది. వెయ్యగానే గిన్నె మీద పేరు చదివింది. "దేవకుమారి ఎవరండీ?"

"మా ఇంట్లో వాళ్ళు. ఏం చదువుతున్నావమ్మా?"

"ఎనిమిదండి."

అతను చీటీ మరోసారి చూశాడు. "మధ్యలో ఎక్కడైనా తప్పావా?"

పిల్ల ముఖం ముడుచుకుంది. "తప్పడమేంటండీ. క్లాసులో ఫస్టు నేనే."

"ఆలీసంగా వేశామండి బళ్ళో," అంది తల్లి చప్పున.

సముద్రం ఒడ్డు పల్లెల్లో అది మామూలే. అతను ఇంకేమీ అడగలేదు. "నడుముకి ఏమన్నా ఉందా అమ్మా?"

ఉంది. నల్లతాటికి రాగి తాయెత్తు.

"అది తియ్యమండి. కాకినాడలో ఫోటో తీసినప్పుడు కూడా తియ్యలేదు," అంది నూకరత్నం.

"అందుకేనమ్మా, మీరు తెచ్చిన ఆ ఫిల్ములో నడుం దగ్గర ఏమీ తెలియలేదు. తాయెత్తు నీడ సరిగ్గా తుంటెముక మీద పడింది. మాకు కావలసింది అక్కడే ఉంటుంది."

"పెద్దది పోయాకా మా అత్త కట్టిందండి. అది కట్టబట్టే ఇది నిలబడింది..." అని ఆమె ఆగిపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అతను మిషన్ నడిపే చోటున్న సీసం అద్దం చూపించాడు. "తీసి మీ గుప్పెట్లో పెట్టుకోండి. ఈ అద్దానికి ఇవతల నాతోనే నిలబడండి. పిల్ల మీకు కనిపిస్తూనే ఉంటుంది. అయ్యాక మీ చేత్తోనే కట్టుకోండి."

ఆమె ఒప్పుకుంది. పిల్ల పసుపు పాదాల దగ్గర ఆగి, పెద్దవాటి మీద నిలబడాలో చిన్నవాటి మీద నిలబడాలో తెలియక వెనక్కి చూసింది. ఆమె పాదాలు రెండింటికీ మధ్యగా ఉన్నాయి. "చిన్నవాటి మీదే," అన్నాడతను. ఎందుకన్నాడో తరువాత చాలాసేపు ఆలోచించాడు. ఛాతీ పలక వైపు, వీపు తన వైపు ఉండేలా తిప్పాడు. ఎదిగే ఆడపిల్లలకి అలా తీస్తేనే గుండెల మీద కిరణం తక్కువ పడుతుంది. ఊపిరి బిగపట్టు. అద్దం ఇవతల నూకరత్నం కూడా ఊపిరి బిగపట్టింది. తాయెత్తున్న గుప్పెట బిగించింది.

తెర మీద వెన్నెముక వచ్చింది. మెడ నుంచి తిన్నగా దిగి, మధ్యలో మెత్తగా కుడికి ఒరిగి, నడుం దగ్గర మళ్ళీ సర్దుకున్న వెన్ను. గీతలు గీసి కొలిస్తే ముప్ఫైఒక్క డిగ్రీలు. అతని చూపు కిందకి, తుంటెముకల పై అంచుకి పోయింది. పిల్లలు ఎదిగే వయసులో ఆ అంచు మీద నెలవంకలాంటి సన్నటి తెల్లటి గీత ఒకటి బయటి కొసన పుడుతుంది. రెండు మూడేళ్ళలో అది లోపలి కొస దాకా పాకి, చివరకి ఎముకలో కలిసిపోతుంది. ఆ గీత ఎక్కడుందో చూసి, పిల్ల ఇంకా ఎంత ఎదుగుతుందో, ఆ ఎదుగుదలతో పాటు వంపు ఇంకా ఎంత పెరగగలదో డాక్టర్లు అంచనా వేస్తారు. ఎదుగుదల మిగిలి ఉంటే ఒంటికి గట్టి ప్లాస్టిక్ బెల్టు వేసి వంపుని ఆపుతారు. మిగలకపోతే బెల్టుతో పని లేదు.

వీరదుర్గ తుంటెముక అంచు శుభ్రంగా ఉంది. గీతే లేదు.

అలా శుభ్రంగా కనబడేది రెండు సమయాల్లో. గీత ఇంకా పుట్టకముందు. పుట్టి, పాకి, పూర్తిగా అతుక్కుపోయాక. మొదలూ చివరా ఫిల్ములో ఒక్కలాగే ఉంటాయి. మనిషి వయసు తెలిస్తేనే ఏది ఏదో చెప్పగలిగేది.

ఫిల్ము డాక్టరు గదికి పంపాడు. అతని పని అక్కడితో అయిపోయింది.

*

పన్నెండున్నరకి కారియర్ విప్పాడు. కూరలో ఆవ ఘాటు లేదు. ఎంత వెయ్యాలో దేవకుమారి చేతికి తెలుసు, అతనికి తెలియదు.

ఆ నవంబరు గురువారం, ఇదే వేళకి, ఆమె ఈ గదిలోకి వచ్చింది. మూడు వారాలుగా దగ్గు. మెళ్ళో గొలుసు తీసి తన గిన్నెలోనే వేస్తూ, "నా గిన్నె నాకే పనికొచ్చింది చూశారా," అంది. పెద్ద పాదాల గుర్తుల మీద నిలబడింది. తెర మీద కుడి ఊపిరితిత్తి పైభాగంలో రేగుపండంత మసక. అతను దాన్ని చూశాడు. చాలాసేపు చూశాడు.

"ఏంటండీ, ఏమైనా ఉందా?"

"డాక్టరుగారు చూస్తారు."

డాక్టరుగారు చూశారు. పాతమచ్చ అని రాశారు. అది పాతమచ్చలా లేదని శాంతికుమార్‌కి అనిపించింది. అంచులు వేరేగా ఉన్నాయి. కానీ అనిపించడం అతని ఉద్యోగం కాదు. తీసేవాళ్ళు తీస్తారు, చదివేవాళ్ళు చదువుతారు. అతను ఆ చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఐదు నెలల తరువాత విశాఖలో అసలు సంగతి తెలిసేసరికి ఆలస్యమైంది. మరుసటి జూన్‌లో ఆమె వెళ్ళిపోయింది. ముందే అడిగి ఉంటే బతికేదా అన్నది ఎవరూ చెప్పలేరు. అతను ఎవరినీ అడగలేదు కూడా. ఆదివారాలు ప్రార్థన అయ్యాక సమాధుల తోటకి వెళ్ళి, పలక మీది దుమ్ము తుడిచి వస్తాడు. ఆమెతో కూడా ఆ విషయం ఎత్తడు.

మెట్ల మీద చెప్పుల చప్పుడు. నూకరత్నం ముఖం వెలిగిపోతూ వచ్చింది.

"బెల్టు అక్కర్లేదన్నారండి! ఎదుగుడు అయిపోయిందట. ఫోటో ఇచ్చేస్తే ఒంటిగంటన్నర బస్సుకి పోతాం."

అతను ఫిల్ము కవరులో పెడుతూ కేసు కాగితం చూశాడు. వయసు 16 సంవత్సరాల 5 నెలలు. పెద్దమనిషై మూడేళ్ళు. తుంటెముక పూర్తిగా అతుక్కుంది. బెల్టు అవసరం లేదు. ఏడాది తరువాత చూపించాలి.

పిల్ల చల్లటి నీళ్ళ కోసం చిన్నమ్మాయి వెంట వెళ్ళింది. శాంతికుమార్ కవరు ఇవ్వలేదు. చేతిలోనే పట్టుకున్నాడు.

"అమ్మా, ఒక మాట. పెద్దది పోయాకా అన్నారు ఇందాక."

ఆమె ముఖంలో వెలుగు ఆరింది.

"ఈ పిల్లకి ఎన్నేళ్ళు?"

"కాయితం మీద ఉంది కదండీ."

"కాయితం మీది పిల్ల గురించి కాదు."

ఆమె మెట్ల కింది బల్ల మీద కూలబడింది. గోడతో చెబుతున్నట్టు చెప్పింది. మొదటి పిల్లకి పెట్టిన పేరు వీరదుర్గ. రెండున్నరేళ్ళకి జొరమొచ్చి, పడవ దాటించేలోపు పోయింది. ఆ మరుసటేడు మళ్ళీ ఆడపిల్లే పుడితే, వెళ్ళిన పిల్లే తిరిగొచ్చిందని అత్త అదే పేరు పెట్టింది. వాళ్ళ పేటలో అలాగే పెడతారు. బళ్ళో కాగితం అడిగితే ఇంట్లో ఉన్నది ఒక్కటే, పెద్దదాని పుట్టినకాగితం. పేరు అదే కదా, మేష్టారు రాసేసుకున్నారు. తరువాత ఆధార్. తరువాత ఆరోగ్య కార్డు.

"వచ్చే నెల ఇరవైకి పదమూడొస్తాయండి దీనికి."

"మరి పెద్దమనిషైందని..."

"నర్సమ్మ అడిగిందండి. పదహారేళ్ళ పిల్ల ఇంకా అవలేదంటే ఏమనుకుంటారు? అయిందన్నాను." ఆమె హఠాత్తుగా అతని చెయ్యి పట్టుకుంది. "ఒద్దండి బాబూ. ఆధార్‌లో ఒకటి, నోట్లో ఒకటి అంటే దొంగకార్డంటారండి. దీని నాన్న గుండెకి అదే కార్డు మీద మందులొస్తున్నాయి. బెల్టొద్దన్నారు కదా, మమ్మల్ని సంతోషంగా పోనివ్వండి."

"ఇప్పుడు ముప్ఫైఒకటి ఉందమ్మా వంపు. పిల్ల ఎదగడం ఇంకా పూర్తిగా మొదలు కాలేదు. ఏడాది ఊరుకుంటే అది ఏభైకి పోవచ్చు. అప్పుడు ఏ బెల్టూ ఆపలేదు. వీపు మొత్తం కోసి రాడ్లు వెయ్యాలి."

ఆమె గుప్పెట్లో తాయెత్తు లేకపోయినా గుప్పెట బిగించే ఉంది.

"మీరు ఎవరికీ ఏమీ చెప్పొద్దు. నేనూ చెప్పను," అన్నాడతను. "ఎముకకి ఆధార్ ఉండదమ్మా. దాన్నే చెప్పనిద్దాం."

*

డాక్టరు గదిలో శ్రీనివాసరాజు లేచి నిలబడి ఫోనులో మాట్లాడుతున్నారు. తన రొయ్యల చెరువులో నీళ్ళకి గాలందించే ఏరియేటరు ఆగిపోయిందట. శాంతికుమార్‌ని గుమ్మంలో చూసి ఫోను పక్కకి పెట్టారు.

"ఏంటి శాంతిగారూ! గుహలోంచి బయటికొచ్చారు, కరెంటు పోయిందా?"

"లేదు సార్." అతని గొంతు తనకే పలచగా వినిపించింది. గదిలో ఇద్దరు జూనియర్లు, ఒక నర్సు ఉన్నారు. "ఆ వీరదుర్గ అనే పిల్లకి ఎడమచేతి ఫిల్ము ఒకటి రాసివ్వండి సార్."

"చెయ్యెందుకు? పదహారు దాటింది. తుంటెముక క్రెస్ట్ ఫ్యూజయిపోయింది కదా."

"అతుక్కుందో, ఇంకా పుట్టనే లేదో నాకు తేడా తెలియడం లేదు సార్."

నర్సు తల ఎత్తింది. టెక్నీషియన్‌కి తేడా తెలియాల్సిన పని ఏముందని ఎవరైనా అడగవచ్చు. ఎవరూ అడగలేదు. శ్రీనివాసరాజు మళ్ళీ కూచున్నారు. ఫిల్ము తెరిచి, తుంటెముక దగ్గర పెద్దది చేసి, ముందుకి వంగారు. ఫోను మోగింది. కట్టేశారు.

"ఎన్నేళ్ళయింది మీరిక్కడ?"

"ముప్ఫైరెండు సార్."

"ఎప్పుడైనా ఇలా వచ్చి అడిగారా?"

"లేదు సార్," అన్నాడతను. ఒక్కసారి రావలసింది అని అనలేదు.

డాక్టరు చీటీ రాసి ఇచ్చారు.

*

"మళ్ళీనా?" అంది వీరదుర్గ.

"ఈసారి చెయ్యి ఒక్కటే. కూచునే."

ఎడమచేతి గాజులు రెండూ తీసి గిన్నెలో వేసింది. చెక్క మీద గీసిన చేతిలో తన చెయ్యి పెట్టింది. వేళ్ళు గీత లోపలే ఉండిపోయాయి. అతను వంగి ఒక్కొక్క వేలూ విడదీసి సర్దాడు. చేపలు శుభ్రం చేసి చేసి వేలికొసలు గరుకెక్కాయి, కానీ చెయ్యి ఇంకా చిన్నపిల్ల చెయ్యే.

తెర మీద బొమ్మ వచ్చేదాకా ఆమె కదలకుండా కూచుంది. తరువాత లేచి, అడక్కుండానే అద్దం ఇవతలికి వచ్చి అతని పక్కన నిలబడింది.

"ఇది నాదేనా?"

"నీదే."

"వేళ్ళు తెగిపోయున్నాయేంటండీ?"

నిజంగా అలాగే ఉంది. ప్రతి వేలెముక చివరా ఒక చిన్న టోపీ, టోపీకీ ఎముకకీ మధ్య స్పష్టంగా నల్లటి సందు. మణికట్టు దగ్గర కూడా అంతే. బొటనవేలి మొదట్లో ఆవగింజంత ఎముక ఇప్పుడిప్పుడే తేలుతోంది.

"తెగిపోలేదమ్మా. అవి ఖాళీలు. ఎముక పెరిగేది అక్కడి నుంచే. పూర్తిగా ఎదిగాక మూసుకుపోతాయి. నా చేతిలో మూసుకుపోయి నలభై ఏళ్ళు దాటింది. నీకింకా అన్నీ తెరిచే ఉన్నాయి."

ఆమె తెర మీది చేతిని వేలితో తాకబోయి ఆగింది. "మరి దీన్ని చూస్తే ఎన్నేళ్ళో తెలుస్తుందా?"

"తెలుస్తుంది. పన్నెండు దాటి, పదమూడు."

పిల్ల తల తిప్పి తలుపు వైపు చూసింది. తల్లి బయట ఉంది. గొంతు తగ్గించింది. "అక్క పుట్టినరోజుకి నాకు కొత్తబట్టలు కొంటారండి. ఫిబ్రవరిలో. బళ్ళో చాక్లెట్లు పంచుతాను. నా పుట్టినరోజు ఎవరికీ తెలీదు. నానమ్మకి తెలుసుగానీ, చెప్పకూడదంటుంది." మళ్ళీ తెర వైపు చూసింది. "దీనికెలా తెలిసిందో!"

అతను ఆ ఫిల్ము ఇంకో కాపీ తీసి, మడవకుండా చిన్న కవరులో పెట్టి ఆమె చేతికిచ్చాడు. ఎవరూ చెప్పకపోయినా ఇలాంటి కాగితాలు రెండు చేతులతో అందుకోవాలని ఆ పిల్లకి తెలుసు.

శ్రీనివాసరాజు చేతి ఫిల్ము చూశారు. కాగితం మీది వయసు చూశారు. నూకరత్నాన్ని చూశారు. ఆమె నేల చూపు చూస్తోంది. శాంతికుమార్ పైన తిరుగుతున్న ఫ్యాను చూస్తున్నాడు.

"ఎముక వయసు వెనకబడుతుంది ఒక్కోసారి," అన్నారు డాక్టరు చివరకి, ఎవరితోనూ కాకుండా. "మనం వైద్యం చేసేది ఎముకకి. కేసు షీట్లో ఎముక వయసు రాద్దాం. పదమూడు." పాత కాగితం నాలుగు మడతలు పెట్టి చింపేశారు. "బెల్టు వెయ్యాలమ్మా. రోజుకి ఇరవై గంటలు. రెండేళ్ళో, మూడేళ్ళో. పద్నాలుగో తారీకు గురువారం కొలతలకి రండి."

"ఇరవై గంటలా?" అంది వీరదుర్గ. "మరి నాన్నతో పడవెక్కొచ్చాండీ?"

"ఎక్కొచ్చు. నీళ్ళలో దూకకూడదు."

"దూకకపోతే పడవెక్కడం ఎందుకండీ?"

డాక్టరు పగలబడి నవ్వారు. "ఆ మిగిలిన నాలుగు గంటలూ ఎందుకున్నాయి తల్లీ? అప్పుడు దూకు." వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర శాంతికుమార్ భుజం మీద చెయ్యి వేశారు. "వచ్చే గురువారం కలుద్దాం శాంతిగారూ."

"అలాగే సార్," అన్నాడతను.

వచ్చే గురువారం తను ఉండడని ఆయనకి ఎవరూ చెప్పినట్టు లేదు. ఆ క్షణంలో చెప్పడం అతనికి ఇష్టం లేకపోయింది. భుజం మీద చెయ్యి పడి చాలా కాలమైంది.

*

సాయంత్రం దాకా ఇంకో పద్నాలుగు ఫిల్ములు. మోకాళ్ళు, మడమలు, బస్సు దిగుతూ జారిపడ్డ ఒక ముసలాయన పక్కటెముకలు. గిన్నె దింపాల్సిన పని ఎవరితోనూ పడలేదు. ఆరున్నరకి మిషన్ ఆపాడు. అది చల్లారుతూ చేసే సన్నటి చప్పుడు ఆగేదాకా స్టూలు మీద కూచున్నాడు. రోజూ అలాగే కూచుంటాడు. లేచి బిళ్ళ విప్పి ఆఫీసులో ఇచ్చొచ్చాడు. అక్కడి అమ్మాయి ఫోను చూస్తూనే సంతకం పెట్టించుకుంది. పోతూ ఉంటే మాత్రం తల ఎత్తి, "జాగ్రత్తగా వెళ్ళండి అంకుల్, వర్షమొచ్చేలా ఉంది," అంది. అదీ మంచి మాటే.

గదిలోకి తిరిగి వచ్చి గూట్లోంచి గిన్నె దింపాడు. అందులో ఏదో కదిలింది.

రెండు ఎర్ర గాజులు.

కేసు షీట్లో నంబరు ఉంది. ఫోను చేశాడు. అవతల బస్సు హారను, గాలి హోరు.

"ద్రాక్షారం దాటామండి," అంది నూకరత్నం. "గాజులా? అది చూసుకోనే లేదు, ఆ చేతి ఫోటో కేసే చూస్తా కూచుంది. బస్సులో అందరికీ చూపిస్తంది. ఇదిగో పద్నాలుగో తారీకున వస్తాం కదండీ, అప్పుడిద్దురు. ఎవరికన్నా ఇచ్చెయ్యకండేం. తీర్థంలో కొనుక్కున్నవట, ఏడుస్తది."

"ఎవరికీ ఇవ్వనమ్మా. గిన్నెలోనే ఉంటాయి."

"మీరే ఉంటారు కదండీ?"

అతను గిన్నె అంచు మీద బొటనవేలు పెట్టి చుక్కల వెంట జరిపాడు. "గూట్లోనే ఉంటాయి. కుడిచేతి వైపు. తలుపు తియ్యగానే కనబడతాయి."

"ఆయ్, మంచిదండి."

ఒక తెల్లకాగితం చింపి, కొంచెం ఆలోచించి రాశాడు. వీరదుర్గ. వయసు 13. ఆగస్టు 14న వస్తుంది. కాగితం మడిచి గాజుల మధ్య పెట్టి, గిన్నెని మళ్ళీ గూట్లో పెట్టాడు. కారియర్ తీసుకున్నాడు. మూలనున్న గొడుగు తీసి, మందులకొట్టు తలుపుకి తగిలించి వచ్చాడు.

చిన్నమ్మాయి చీపురు పట్టుకుని మెట్ల దగ్గర నిలబడి ఉంది.

"గిన్నేదండీ?"

"ఉండనీ. ఆ పిల్ల వస్తువులున్నాయి. పద్నాలుగో తారీకు దాకా ఎవరినీ కదపనివ్వకు."

"కదపనిస్తానాండీ? కంపెనీవాళ్ళైనా, వాళ్ళ తాతలైనా." ఆమె ఆగింది. "ఆ తర్వాత? మీ ఇంటికి తెచ్చివ్వనా?"

"ఆ తర్వాత ఇంకో పిల్ల వస్తుంది కదా. గాజులేసుకునే వస్తుంది."

బయట చినుకులు మొదలయ్యాయి. అతను గేటు దాటి, కారియర్ ఎడమచేతిలోకి మార్చుకుని, వీధిదీపాల వెంట మెల్లగా నడిచాడు. మలుపు తిరిగేదాకా చిన్నమ్మాయి చూస్తూ నిలబడింది. అతను వెనక్కి తిరగలేదు. తిరిగే అలవాటు అతనికి లేదు.

ఆమె లోపలికి వచ్చి పసుపు పాదాలు రెండు జతలూ తడిగుడ్డతో తుడిచింది. దీపం ఆర్పింది. సీసపు తలుపుని రెండు చేతులతో, చప్పుడు కాకుండా, దగ్గరికి వేసింది. మూసుకునే ముందు వరండా వెలుగు సన్నటి గీతై గూటి మీద పడింది. అక్కడ పాలగిన్నె, అంచు మీద చుక్కల్లో ఒక పేరు, లోపల రెండు ఎర్ర గాజులు.